ఆడపిల్లకు వద్దన్న దండీలు

మీ ఒంటికి ఎంత బరువు తగునో మీకు మొదట చెప్పిందెవరు? వైద్యుడా, మీ కండరాలా, మీ మేలు కోరినవాళ్ళా?

దేశం దాటి వచ్చి స్థిరపడ్డ రోటోటూనాలో, మా గరాజ్‌లో కూర్చుని, వ్యాయామానికి కొన్న రబ్బరు పట్టీ విప్పగానే గుప్పుమన్న కొత్త వాసనలో ఈ ప్రశ్న పుట్టింది. నేల మీద కూర్చుంటే చేతి ఊత లేకుండా లేవలేకపోతున్నాను. ఇంట్లోనే బలం పెంచే కసరత్తులు ఎంచుకోమంది ఫిజియో. ఫోన్‌లో ఆడవాళ్ళకని చూపించేవన్నీ గులాబీరంగు బుల్లి డంబెల్సే. వాటినే ఎంచుకుంటుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి తొంగి చూసి, "సీరియస్లీ, అమ్మా? మన రైస్ బ్యాగ్ ఈజ్ హెవియర్ దాన్ దట్!" అంది.

నిజమే. మరి నా వేలు తేలికవాటి మీదికే ఎందుకు పోతోంది?

తెనాలిలో మా పెరట్లో చలికాలం పొద్దుపొద్దున్నే, నువ్వులనూనె పట్టించిన అన్నయ్య వీపు మీంచి సన్నగా ఆవిరి లేస్తుండగా, ఇసుక పోసి చదును చేసిన నేల మీద దండీలు, బస్కీలు సాగేవి. పక్కనే ఇత్తడి గిన్నెలో నానిన శనగలు, బెల్లం ముక్క, గ్లాసెడు గేదెపాలు అతని కోసం ఎదురుచూసేవి. నేను గడపలో కూర్చుని గుటకలు మింగేదాన్ని.

నాన్న హేతువాది. దిష్టి మీదా ముహూర్తాల మీదా ఊరి సభల్లో నిప్పులు చెరిగేవాడు. మా ఇంట్లో పూజగది లేదు, అయినా దసరాకు గారెలు ఆగలేదు. దేవుణ్ణి కాదన్న నాన్న అల్లప్పచ్చడిని ఏనాడూ కాదనలేదు. "నేను చెప్పానని నమ్మొద్దు, ఆలోచించి నమ్మండి" అనేవాడు. అందుకే ఆయన ఏం చెప్పినా నేను ఆలోచించకుండా నమ్మేదాన్ని.

ఒకరోజు అన్నయ్య పక్కన ఇసుకలో అరచేతులు ఆనించాను. నాన్న రెక్క పట్టుకుని లేపాడు.

"నీకొద్దమ్మా. ఆడపిల్లలు ఇట్టాంటివి చేస్తే కడుపులో అవయవాలు జారిపోతాయి. డాక్టర్లు చెప్పిన మాటే."

"పోయి తొక్కుడుబిళ్ళ ఆడుకోవే, పహిల్వానమ్మా!" అని అన్నయ్య నవ్వాడు.

పోయి ఆడుకున్నాను. బిళ్ళ గడిలో వేసి కుంటుతుంటే బావి దగ్గర గిలక కిర్రుకిర్రుమంది. అమ్మ నీళ్ళు తోడి, నిండు బిందె నడుమున పెట్టుకుని, రెండో చేత్తో బకెట్ పట్టుకుని, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే మెట్లెక్కుతోంది. ఆమెనెవరూ ఆపలేదు. ఆమె వెనకాలే చిన్న బిందెతో నడిచే నన్నూ ఆపలేదు.

కొన్నాళ్ళకు టౌన్ హాల్లో నాన్న మూఢనమ్మకాల మీద మాట్లాడి, అలవాటుగా "సందేహాలుంటే అడగండి, చిన్నాపెద్దా తేడా లేదు" అన్నాడు. నేను లేచాను.

"నాన్నా, అమ్మ బిందె మోస్తే జారనివి, నేను దండీ తీస్తే ఎందుకు జారతాయి?"

హాలంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో "మాస్టారూ, ప్రతిపక్షం ఇంట్లోనే పుట్టిందండోయ్!" అన్నారు. నాన్నా నవ్వాడు.

"ఇంటి సంగతులు ఇంట్లో మాట్లాడుకుందాం తల్లీ. ఇంకెవరైనా?"

ఇంట్లో మాట్లాడలేదు. ఈడొచ్చాక నడుముకు బలమని పొద్దునా సాయంత్రం నెయ్యి కారే సున్నుండలు తినిపించారు. నాకు బలం కావాలన్నమాట, కాకపోతే పిల్లల్ని కనడానికి. అవయవాలు జారతాయన్న మాట ఏ జ్యోతిష్కుడో చెప్పుంటే నవ్వి పారేసేదాన్ని. నాన్న వైద్యం పేరు పెట్టి చెప్పాడు. ప్రశ్నించడం నేర్పినవాడే, ప్రశ్న తన ఇంటివైపు తిరగ్గానే నన్ను కూర్చోబెట్టాడు. అబద్ధమని చదివి తెలుసుకున్నాక కూడా ఆ మాట నా భుజాల్లోంచి, మోకాళ్ళలోంచి పోలేదు.

ఇప్పుడు ఆ పెరట్లో అపార్ట్‌మెంట్ కార్లు ఆగుతున్నాయి. గిలక లేదు, ఇసుక లేదు, నాన్న లేడు. పోయేదాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన గొంతు వింటేనే ధైర్యం తెచ్చుకునే ఆ పిల్లా లేదు.

ఫోన్‌లో ఎంచుకున్నవన్నీ తీసేశాను. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, గోడకు దండీలు, నీళ్ళు నింపిన డబ్బాలు నడుం వంచకుండా ఎత్తడం మొదలుపెట్టాను. ఒళ్ళు అలవాటుపడేకొద్దీ బరువు పెంచుతున్నాను.

మొన్న స్నేహితులింట్లో భోజనాలకు కలిశాం. మా అమ్మాయి స్కూల్ జిమ్‌లో బరువులెత్తుతుందని విని, ఐటీలో పెద్ద ఉద్యోగం చేసే ఒక అంకుల్ ఎంతో దయగా అన్నాడు: "గర్ల్స్‌కి అంత హెవీ ఎందుకమ్మా? రేపు పిల్లలప్పుడు ప్రాబ్లమ్ అవుద్ది."

అమ్మాయి నావైపు తిరిగింది. "ఈజ్ దట్ ట్రూ, అమ్మా?"

ఆయన నవ్వబోయాడు.

"కాదు. అబద్ధం," అన్నాను, అందరికీ వినపడేలా.

మీరూ అనండి. మీ ఇంటి ఆడపిల్లతో "ఇది నీ ఒంటికి పడదు" అని ఎప్పుడైనా అనుంటే, ఈ సాయంత్రమే ఆమెను పేరు పెట్టి పిలిచి, నలుగురి ముందూ ఆ మాట వెనక్కి తీసుకోండి.