దమ్‌దమా సరస్సుకు కొబ్బరి నూనెతో

రిటైరయ్యాక మా ఆయన తనకంటూ కొనుక్కున్నది ఒక్కటే, పాత క్యారవాన్. అందులోనే వంట, పడక, స్నానం. అడుగున రెండు తొట్లు: ఒకటి మరుగుదొడ్డి నీళ్లకు, ఒకటి గిన్నెలు కడిగిన నీళ్లకు. ఒక్కోదానికి ఒక్కో వాల్వు, పిడి లాగితే తెరుచుకుంటుంది. మరుగుదొడ్డి వాల్వు అప్పటికే రెండుసార్లు బిగుసుకుపోయి మా పరువు తీసింది.

"మూడోసారి కూడా బిగుసుకుంటే అమ్మేద్దాం డాడీ, ప్రామిస్?" అంది నర్సు ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సునీత. ఆయన ఒప్పుకోక తప్పలేదు.

జనవరిలో ఒక శనివారం ఉదయం ఏడింటికి ఢిల్లీ పక్కన ఇందిరాపురం నుంచి బయలుదేరాం. పొగమంచులో ముందు బండి ఎర్రదీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన మాత్రం మహా హుషారు.

"నిన్న సాయంత్రం కొబ్బరి నూనె కాచి వాల్వుకు పట్టించాను. మా నాన్న తలుపు గడియకూ ఇదే, మోకాలికీ ఇదే."

పదింటికి సోహ్నాలో ఆలూ పరాఠా, పెరుగు. పదకొండున్నరకు దమ్‌దమా సరస్సు. వెళ్లేవాళ్లు బండి నిలిపే చోట మురుగు పోసే గుంట ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. మధ్యాహ్నం ఎండ కాచింది. బాతుల్ని చూస్తూ చేపల పులుసు తిన్నాం.

ఆదివారం ఎనిమిదింటికి, తిరుగు ప్రయాణానికి ముందు, గొట్టం గుంటలో పెట్టి ఆయన పిడి లాగారు. కదల్లేదు. బండికి కాలు తన్నిపెట్టి లాగారు. మంకీ టోపీ ఊడింది గానీ పిడి రాలేదు. సునీత ఫోన్ తీసింది.

"ఏంటే అది?"

"అమ్మకానికి ఫొటో. స్మైల్, డాడీ."

ఆయన నవ్వలేదు. అక్కడి కాపలాదారు ధరమ్‌పాల్ వంగి, వాల్వు మీద తెల్లటి ముద్దను గోటితో గీకాడు. "అంకుల్ జీ, ఇస్ మే ఘీ కిస్ నే డాలా?" ఇందులో నెయ్యి ఎవరు పోశారని.

నాకు వెలిగింది. పొద్దున నా తలనూనె కూడా రాయిలా ఉంటే సీసాను వేడినీళ్లలో పెట్టాను.

"ఏమండీ, ఇది మన కాకినాడ కాదు. ఢిల్లీ చలికి మీ నూనె గడ్డకట్టింది."

చెయ్యి ఓర్చేంత వేడినీళ్లలో గుడ్డ ముంచి వాల్వుకు చుట్టాను. అలా మూడుసార్లు. నాలుగోసారి చుట్టి లాగితే పిడి సర్రున వచ్చింది. మురుగు పోయాక గిన్నెల నీళ్లు వదిలితే గొట్టం కూడా కడిగినట్టవుతుంది. అందుకే పిడుల మీద 'మొదట ఇది', 'తర్వాత ఇది' అని తెలుగులో రాసి అంటించాను. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, చర్చిలో. మా అమ్మాయికి తెలుగు చదవడం ఇప్పటికీ రాదు.

"రబ్బర్ కో సిలికాన్ గ్రీజ్ దో, అంకుల్ జీ. తేల్ సిర్ మే లగావో," అన్నాడు ధరమ్‌పాల్. దారిలో సోహ్నాలో ఆగి వాల్వు రబ్బరుకు ఆ గ్రీజు కొన్నాం.

"మూడోసారి బిగిసింది కదా డాడీ, ప్రామిస్?"

"బిగిసింది నూనె. వాల్వు కాదు."

సునీత నా వైపు చూసింది. నేను బయటికి చూశాను.

"అచ్ఛా, ఠీక్ హై. ఫొటో మాత్రం డిలీట్ చెయ్యను."

పన్నెండున్నరకు ఇల్లు చేరాం. సరస్సు చూడదగ్గదే, వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం, అదే బండిలో. దిగుతూ ఆయన కొబ్బరి నూనె సీసా నా చేతిలో పెట్టి, "దీన్ని తలకే వాడాలట," అన్నారు. ఆయన బట్టతల చూసి, సీసా నేనే దాచుకున్నాను.