అయిదో మాటకి నీళ్ళు

ఆ రోజుల్లో మా ఊరి చర్చిలో ఏ ప్రశ్నకైనా రెండే జవాబులుండేవి. పెద్దవాళ్ళు అడిగితే "ప్రార్థన చేసుకోండి", కుర్రాళ్ళు అడిగితే "నోరు ముయ్యి". నా వాటాకి ఎప్పుడూ రెండోదే వచ్చింది. నేనడిగినవేమీ అడక్కూడనివి కావు. అన్నానికి ముందు ప్రార్థన చేస్తాం గదా, మిరపకాయ బజ్జీలకి ఎందుకు చెయ్యం? ప్రభువు చనిపోయిన రోజు గుడ్ ఫ్రైడే ఎట్లా అయింది? పాస్టరుగారు (మేం అయ్యగారు అనేవాళ్ళం) "మన పాపాలు పోయాయి గదరా, అందుకని మంచి రోజు" అన్నారు. "మరి మంచి రోజున అందరం ఏడుస్తాం ఎందుకండీ?" అన్నాను. ఆ ఆదివారం నుంచి నాకు 'ఎందుకయ్య' అని పేరు పెట్టారు. పెట్టింది సంఘపెద్ద. ఆయన ఇప్పుడు లేరు గానీ నేనింకా క్షమించలేదు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధన ఉంటుంది. సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ఒకరి తర్వాత ఒకరు ప్రసంగిస్తారు. అది ముగిసేదాకా ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టరు. మా చర్చికి రేకుల కప్పు, పక్కనే ఆసామిగారి మిరపకాయల కల్లం. అది ఎండల కాలం, పైగా కాయలు ఎండే కాలం. లోపల కూర్చున్నవాళ్ళ పాపాలు పోయాయో లేదో తెలియదు గానీ ప్రాణాలు మాత్రం పోయేటట్టుండేవి.

నేను ఇంటరు ముగించిన ఏడాది అయ్యగారు యవ్వనస్థుల తరఫున నాకు అయిదో మాట ఇస్తానన్నారు. ప్రభువు దాహమవుతోందన్న మాట అది. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే శ్రమదినాలన్నీ దాని మీదే కూర్చుని, ప్రసంగం తయారుచేసుకుని, రాత్రి భోజనాలయ్యాక అయ్యగారింటికెళ్ళి వినిపించాను. నా వాదన చిన్నది. దాహమేసినవాడికి సైనికులు మంచినీళ్ళివ్వకుండా చిరక, అంటే పులిసిన ద్రాక్షరసం, ఇచ్చారని ఏటా వాళ్ళని తిట్టుకుంటాం. ఆ తిట్టుకునేది పక్కన నోరెండి కూర్చున్న ముసలమ్మకి గుక్కెడు నీళ్ళివ్వకుండానే. మరి మనకీ సైనికులకీ తేడా ఏమిటి? అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "బాగా రాశావురా," అన్నారు. మర్నాడు ఆ మాటని చీరాల నుంచి వచ్చిన తన అల్లుడుగారికి ఇచ్చారు. బాగా రాయడమే నా నేరమని నాకెవరూ ముందు చెప్పలేదు.

శుక్రవారం నేను రెండో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. (అలిగి ఇంట్లో ఉందామనుకున్నాను గానీ, అలిగిన సంగతి వాళ్ళకి కనపడాలంటే రావాలి గదా.) నాలుగు మాటలయ్యాయి. కరెంటు పోయింది. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో అల్లుడుగారు లేచారు. "ఆ దాహం నీళ్ళ కోసం కాదు, ఆత్మల కోసం" అని మొదలుపెట్టి, నీళ్ళనే మాట మళ్ళీ ఎత్తకుండా చాలా దూరం పోయారు. అదే సమయానికి కల్లంలో కాయల్ని బస్తాల్లోకి ఎత్తి తొక్కడం మొదలైంది. గాలి మావైపు తిరిగింది. ఘాటు లోపలికొచ్చి, ముందు చంటిపిల్లల్ని, తర్వాత ఆడవాళ్ళని, ఆఖరికి అల్లుడుగారిని పట్టుకుంది. ఆయన దగ్గి దగ్గి ఎర్రబడితే సంఘపెద్ద ఎక్కడి నుంచో గ్లాసుడు నీళ్ళు తెచ్చి అందించాడు. అల్లుడుగారు అందరూ చూస్తుండగా గటగటా తాగేశారు.

నేను లేచాను. "అయ్యగారూ, ఒక ప్రశ్న."

"ఇప్పుడా?"

"ఇప్పుడేనండీ. అల్లుడుగారికి నీళ్ళు తాగే వీలుంటే మా నాయనమ్మకి ఎందుకు లేదండీ?"

"నా ఊసెందుకురా నీకు?" అంది ముందు వరసలోంచి నాయనమ్మ. "కూర్చో."

"ఒరేయ్ ఎందుకయ్యా, ఇది చర్చి, మీ ఇల్లు కాదు," అన్నాడు సంఘపెద్ద.

అల్లుడుగారు ఇక తనవల్ల కాదని చేత్తో సైగ చేశారు. అయ్యగారు అల్లుడి వంకా నా వంకా చూసి, "అంత తెలిసినవాడివి, మిగతాది నువ్వే చెప్పు. రా," అన్నారు. పిలిచింది పరువు తీయడానికేనని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. పెద్ద ప్రసంగీకులు చేసేటట్టు కళ్ళు మూసుకుని నిండుగా ఊపిరి పీల్చాను. ఆ ఊరి ఘాటంతా నా ఒక్కడి గొంతులోకి దిగింది. "దాహం..." అన్నాను. తర్వాత ఇంకేమీ రాలేదు. కళ్ళల్లోంచి మాత్రం ధారలు కట్టాయి. నేను ఆత్మలో కదిలిపోయాననుకుని వెనక ఆడవాళ్ళు స్తోత్రం స్తోత్రమంటూ ఏడవడం మొదలుపెట్టారు. కాదని చెబుదామంటే గొంతు లేదు.

నాయనమ్మ లేచింది. బయట బోరింగు కొట్టుకుని చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. "ఆరాధన మధ్యలో ఏందమ్మా ఇది?" అన్నాడు సంఘపెద్ద.

"ఆ రోజు ఆయనకి ఇచ్చేవాళ్ళు లేరు. వీడికన్నా ఇయ్యనీ," అంది నాయనమ్మ. నేను వదిలిన సగం చెంబు తను తాగింది. ఉపవాసాల్లో ఊరందరికీ పెద్ద ఆవిడ. ఆవిడే తాగాక ఇంకెవరికి అడ్డు? అందరూ బోరింగు దగ్గరికి నడిచారు. చివరికి అయ్యగారు కూడా తాగి, మూతి తుడుచుకుని, ఆరో మాటకి పిలిచారు.

సాయంత్రం ఊరంతా నాయనమ్మనే మెచ్చుకుంది. ఎంత మాటందమ్మా అని ఇంటికొచ్చి మరీ చెప్పారు. అది నా ప్రసంగం మొత్తం అని నేనంటే, "నువ్వు దగ్గావు గదరా," అన్నారు. మరుసటేడు అయ్యగారే అయిదో మాటకి ముందు గుమ్మం దగ్గర కుండ పెట్టించారు. కుండ పోయి స్టీలు డ్రమ్ము వచ్చింది, ఇప్పుడు మినరల్ వాటర్ క్యాన్. అయిదో మాట ముగియగానే అందరూ వరసగా వెళ్ళి గ్లాసు అందుకుంటారు. కొందరు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి తాగుతారు.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన అయ్యగారు దాని పరమార్థం వివరించారు. సిలువ మీద బల్లెంతో పొడిచినప్పుడు ప్రభువు పక్కలోంచి కారిన నీటికి గుర్తుగా మన పితరులు భక్తితో ఈ ఆచారం పెట్టారట. పితరులట! నేను సగం లేచాను. మా ఆవిడ చొక్కా పట్టి లాగింది. "ఇప్పుడెందుకండీ?" అంది.

కూర్చున్నాను. మా సంఘంలో కారణం ఖచ్చితంగా తెలిసిన ఆచారం ఇదొక్కటే. ఆ కారణం నేనే. ఒక్కరైనా ఎందుకని అడిగితే చెబుదామని చుట్టూ చూశాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. వరసలో నా వంతు వచ్చింది, నేనూ తాగాను. నీళ్ళు చల్లగా, బాగానే ఉన్నాయి.