సిస్టరమ్మ బిందె

సూర్యాపేట బస్టాండు ముందు మైకు పట్టుకుని "కంటికి కనపడనిదాన్ని నమ్మకండి" అని గొంతు చించుకునే రోజుల్లో నాకు తిండి పెట్టింది ఓ బడిలో డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగం. అదీ టెంపరరీ. డ్రాయింగ్ పరీక్ష పాసైతేనే ఖాయమవుతుంది. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ వస్తువును చూసి గీసే పేపర్లోనే తప్పాను.

"ఈపాలి గూడ తప్పితే ఇగ బడికి రాకు సారూ" అన్నాడు హెడ్మాస్టరు.

కోదాడ కాన్వెంటులో బొమ్మలేసే సిస్టరమ్మ ఒకామె ఉంది, ఆమె నేర్పితే రాయి కూడా పాసవుతుందన్నారు. ఓ శనివారం తలకు తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాను. పక్క సీట్లో మా హేతువాద సంఘం కార్యదర్శే కూర్చున్నాడు. దాచి లాభం లేదని చెప్పేశాను.

"ఏందన్నా, మతం పుచ్చుకుంటున్నవా?"

"కాదు, బిందె గీసుడు నేర్సుకుంటున్న."

"గా బిందెల నీళ్ళే నెత్తిన పోస్తరు, జర పైలం!"

సిస్టరమ్మ ప్రార్థన గదిలో నిచ్చెన మీదుంది. తెల్ల గౌను చేతులకు రబ్బరు బ్యాండ్లు వేసుకున్నా మోచేతుల దాకా నీలి రంగే. గోడ మీద ఏసు పడవలో ఉన్నాడు. పడవ వెనక పొగ గొట్టం.

"ఇదేంది సిస్టరమ్మా?"

"సిమెంటు ఫ్యాక్టరీ అండీ. గలిలయ సముద్రం నేను చూళ్ళేదు, వాడపల్లి దగ్గర కృష్ణ చూశాను. చూసిందే గీశాను. ఫాదరు గారు తీసెయ్యమంటున్నారు. తియ్యను."

దిగొచ్చి, బల్ల మీద స్టీలు బిందె పెట్టింది. నేను గీశాను. కాగితం చేతిలోకి తీసుకుని చూసింది.

"ఈ బిందె మూతి మన వైపు తిరిగి చూస్తోందేంటండీ?"

"మూతి గుండ్రంగనే ఉంటది గదా."

"అలా కనపడుతోందా?"

"కనపడుడేంది? తెలుసు."

"తెలిసింది కాదండీ, కనపడింది గీయాలి. మొన్న మీ మీటింగు వల్ల మా బస్సు గంట ఆగింది. మీ ఉపన్యాసమంతా విన్నాను. మీరు చెప్పిందీ ఇదేగా?"

చర్చల్లో ఎవరు తడబడ్డా నేనొక మాట అనేవాణ్ణి. అదే అన్నాను: "నిరూపించుండ్రి."

ఆమె ఓ గాజు పలక తెచ్చి నా మొహానికి ఎదురుగా నిలబెట్టింది. "ఒక కన్ను మూసి, కుంచెతో గాజు మీద బిందెను దిద్దండి." దిద్దాను. కోలగా, నొక్కేసిన పూరీలా వచ్చింది మూతి. పదేళ్ళుగా పూజారులతో, పాస్టర్లతో వాదించి ఓడనివాణ్ణి బిందె చేతిలో ఓడాను.

ఆ పై ఎన్ని శనివారాలు పోయాయో. కోల మూతులు గీసీ గీసీ ఇంట్లో కంచం కూడా కోలగానే కనపడేది.

పరీక్ష మిర్యాలగూడలో. అందరికీ కనపడాలని రెండు పొట్టి బల్లలు ఒకదాని మీద ఒకటి వేసి పైన బకెట్ పెట్టారు. దాని మూతి సరిగ్గా నా కంటి ఎత్తుకు వచ్చింది. కోలా లేదు, గుండ్రమూ లేదు. అడ్డగీత, అంతే. ఇన్నాళ్ళు చేతికి పట్టిన కోల గీస్తే ఉద్యోగం ఉంటుందేమో. సిస్టరమ్మ నేర్పింది అదే కదా? కాదు, ఆమె చెప్పింది కనపడింది గీయమని. ఒక కన్ను మూశాను. గీత గీశాను.

"అన్నా, మూతి మర్సినవ్" అని గుసగుసలాడాడు పక్క బెంచీ ఆయన. తనది చక్కటి కోల.

నేను పాసయ్యాను. లడ్డూల పొట్లంతో కోదాడ పరిగెత్తాను. సిస్టరమ్మ మళ్ళీ నిచ్చెన మీదే, పొగ గొట్టానికి ఇంకొంచెం పొగ పెడుతోంది.

"దేవుడి దయ" అంది.

ఊరుకుంటానా? "ఆయన దయ మీకు కనపడ్డదా సిస్టరమ్మా?"

"నాకు కనపడిందండీ" అంది, కుంచె ఆపకుండానే. "మీరు నిలబడ్డ చోటు నుంచి కనపడదేమో."

నేను నిచ్చెన కింద నిలబడి, ఒక కన్ను మూసి, పైకి నిజాయితీగా చూశాను. ఏమీ కనపడలేదు. కిందికి చూస్తే నేల మీద రంగు డబ్బా, దాని మూతి మాత్రం చక్కగా, కోలగా.