అవతలి టవర్ వైపు

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో టీవీ స్టేషన్లు రెండే. ఉత్తరాన టవర్ ఉన్న ఐదో ఛానెల్‌లో దక్షిణామూర్తి ఇంజనీరు. దక్షిణాన టవర్ ఉన్న పన్నెండో ఛానెల్‌లో జగదీష్. అక్కడ ఖాళీ ఉందని చెప్పి, ఇంటర్వ్యూకి తన కోటు కూడా ఇచ్చి పంపింది దక్షిణామూర్తే.

అప్పట్లో ఆ సాయం ఆయనకు భారం కాలేదు. న్యూయార్క్ నుంచి వచ్చే పెద్ద నెట్‌వర్క్ కార్యక్రమాలన్నీ ఐదులోనే వచ్చేవి. పన్నెండులో పాత సినిమాలు, పశువుల సంత ధరలు. తెలుగువాళ్ళ భోజనాల్లో జగదీష్ తన స్టేషన్ మీద తనే జోకులు వేసుకునేవాడు. దక్షిణామూర్తి అందరికన్నా కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా నవ్వేవాడు. అది పెద్దరికం అనుకునేవాడు.

1981 వేసవిలో ఆ నెట్‌వర్క్ ఐదుని వదిలేసి పన్నెండుతో ఒప్పందం చేసుకుంది. వాళ్ళది కొత్త టవర్, ఎత్తు ఎక్కువ. కట్టించింది యజమానులే అయినా, జగదీషే తన ఇంట్లోంచి ఏదో పట్టుకుపోయినట్టు ఉంది దక్షిణామూర్తికి.

నెట్‌వర్క్‌తో పాటు ఆయన భార్య శారద రోజూ మధ్యాహ్నం చూసే సీరియల్ కూడా వెళ్ళిపోయింది. ఇంటి కప్పు మీది యాంటెనా మొగుడి టవర్ వైపు బిగించి ఉంది. పన్నెండు పెడితే తెరనిండా చుక్కలు.

"కాస్త తిప్పండి," అంది శారద.

"తిప్పితే మన ఛానెల్ రాదు."

"ఇప్పుడు మన ఛానెల్‌లో ఏముంది గనక?"

ఆమె మళ్ళీ అడగలేదు. మధ్యాహ్నాలు జగదీష్ ఇంటికి వెళ్ళి, అతని భార్య సరోజతో కలిసి చూడడం మొదలుపెట్టింది.

"వాళ్ళింట్లో బొమ్మ అద్దంలా ఉందండీ," అంది ఓ రాత్రి అన్నం వడ్డిస్తూ. "జగదీష్ కూడా కాసేపు కూర్చున్నాడు."

"వాడికి డ్యూటీ లేదా?"

"అన్నీ కొత్త మిషన్లట. వాటి పని అవే చూసుకుంటాయట."

దక్షిణామూర్తి పప్పు వద్దన్నాడు.

గురువారం ఆమె ఇంకో కబురు తెచ్చింది. "శనివారం తనే వచ్చి మన యాంటెనా తిప్పుతానన్నాడు. మీకు తీరిక లేదనుకున్నాడు పాపం."

"నా ఇంటి కప్పు మీదికి వాడెక్కుతాడా?"

"మీరెక్కడం లేదుగా."

శుక్రవారం మధ్యాహ్నం ఆయన నిచ్చెన వేశాడు. ముందు యాంటెనాని రెండు టవర్లకీ మధ్యగా పెట్టి చూశాడు.

"రెండూ పోయాయి," అని కిటికీలోంచి అరిచింది శారద.

ఇంకా తిప్పాడు.

"ఆఁ, అక్కడే ఉంచండి."

ఆయన వేలెడంత వెనక్కి లాగాడు.

"అయ్యో, ఇందాకే బాగుందండీ."

మళ్ళీ ముందుకు తిప్పి బోల్టు బిగించాడు. కప్పు మీంచి రెండు టవర్లూ కనిపిస్తున్నాయి. తన టవర్ కోసం చెట్ల సందున వెతుక్కోవాల్సి వచ్చింది.

దిగి వచ్చేసరికి సీరియల్ నడుస్తోంది. చేతులు కడుక్కోకుండానే తెర ముందు నిలబడ్డాడు. రంగు చూశాడు, అంచులు చూశాడు, మాట స్పష్టంగా ఉందో లేదో విన్నాడు. ఎక్కడా వంక దొరకలేదు.

"అడ్డం లేవండి," అంది శారద.

ఫోన్ మోగింది. జగదీష్.

"అన్నగారూ, రేపు పొద్దున్నే రమ్మంటారా?"

"అక్కర్లేదు. తిప్పేశాను."

"అలాగా. మీ వైపు సిగ్నల్ ఎలా ఉంది? ఇక్కడ అందరూ బాగుందనే అంటున్నారు. మీరు చెబితేనే నాకు నమ్మకం."

శారద తల తిప్పి ఆయన వైపు చూస్తోంది.

"బాగానే ఉంది," అన్నాడు దక్షిణామూర్తి.

అవతల జగదీష్ ఇంకా వినాలని ఆగినట్టున్నాడు.

"చాలా బాగుంది," అని ఫోన్ పెట్టేశాడు.