ఇంటి జవాబు, సభ జవాబు

ఆ మంగళవారం ఉదయం ఆరుంబావుకి ఇడ్లీ కుక్కర్ పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుని, నేను ప్రతిపక్ష సభ్యురాలినయ్యాను. మా ఆయన వంటింటి బల్లకి అవతల నిలబడి, చొక్కా పై గుండీ పెట్టుకుని మంత్రిగారయ్యారు. కొబ్బరి తురుముతున్న మా అత్తగారు స్పీకరు.

చూసేవాళ్లకి ఆటలా ఉండేది కానీ ఇది ఆయన ఉద్యోగంలో భాగమే. ఎనభైల చివర్లో మేం దేశం కాని దేశంలో, డార్విన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఆయన ప్రభుత్వంలో మురుగునీటి ఇంజనీరు. శాసనసభ జరిగే వారాల్లో రోజూ ప్రశ్నల సమయం ఉంటుంది. ఎవరేం అడుగుతారో ముందుగా తెలియదు. అందుకని అడగడానికి వీలున్న ప్రతిదానికీ కింది ఉద్యోగులు జవాబు రాసి మంత్రి ఫైల్లో పెట్టాలి. తను రాసింది నిలబడుతుందో లేదో చూడటానికి ఆయన ముందు ఇంట్లో తెలుగులో చెప్పి చూసేవారు. కాకినాడ నుంచి మా దగ్గరకి వచ్చి ఉండిపోయిన అత్తగారికి ఇంగ్లీషు రాదు. ఆవిడకి అర్థమైతే మంత్రికీ అర్థమవుతుందని ఆయన నమ్మకం.

నేను అనుకరించే సభ్యురాలు మా పేట నుంచి గెలిచినావిడే. అంతకుముందు స్కూల్లో టీచరు. గొంతు పెంచేది కాదు. ప్రశ్న అడిగి, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, హోంవర్కు కోసం చూస్తున్నట్టు చూసేది. మధ్యాహ్నం రాని బస్సు, శనివారం తెరవని క్లినిక్కు, మా పేట వెనక వాగు, ఈ మూడూ ఆవిడ వదిలేవి కావు.

"మంత్రిగారూ, శుద్ధి చేశామంటూ మురుగు చెరువుల నీళ్లు వాగులోకి వదులుతున్నారు. అక్కడ జనం పీతలు పట్టుకు తింటున్నారు. ఆ నీళ్లు ఎవరైనా పరీక్ష చేస్తున్నారా?" అని అడిగాను.

"ఏడాది పొడుగునా పరీక్షలు జరుగుతున్నాయి," అన్నారు మా ఆయన.

"వానాకాలంలో కూడానా?"

"గౌరవ సభ్యురాలికి మురుగు తప్ప మరో ఆలోచన ఉన్నట్టు లేదు."

"అది జవాబెలా అవుద్దిరా?" అన్నారు అత్తగారు. "వానల్లో అక్కడికెళ్లే దారే మునిగిపోద్ది కదా. ఎవడెళ్తాడు?"

"అమ్మా, స్పీకరు ప్రశ్నలు అడక్కూడదు."

"అయితే నువ్వు చట్నీ అడక్కు."

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. సభ జవాబు అయ్యాక నేను ఇంటి జవాబు అడగాలి. అప్పుడు ఆయన గుండీ విప్పి కూర్చుని అసలు సంగతి చెప్పాలి.

"వానాకాలంలో ఎవరూ వెళ్లరు," అన్నారు. "పడవ కావాలని అడుగుతూనే ఉన్నాను. మా పై ఆఫీసరు వచ్చే ఏడు చూద్దాం అంటాడు. 'ఏడాది పొడుగునా' అన్న ముక్క నాది కాదు, ఆయన చేర్పించాడు."

"రాసింది మీరేగా మరి?"

"నేనే. నెలాఖరుకి నా ఉద్యోగం కాంట్రాక్టు అయిపోతోంది. దాని మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఇప్పుడు ఈ పడవ గొడవెందుకు చెప్పు?"

కాంట్రాక్టు పోతే ఊరు వదలాలి. అబద్ధం సభకెక్కితే ఆయనకి నిద్ర పట్టదు. అది అత్తగారికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ పూట ఆయన ఇడ్లీలు ఉత్తివే తిన్నారు. చట్నీ లేదని గమనించనే లేదు.

ఆ రోజు అత్తగారూ నేనూ సభ చూడటానికి వెళ్లాం. వానలకి ముందు డార్విన్‌లో ఉక్క భరించలేం. సభలో సందర్శకుల గ్యాలరీకి ఏసీ ఉంది, టిక్కెట్టు లేదు. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది చల్లదనం కోసమే వచ్చేవారని నా అనుమానం. అత్తగారు శాలువా కూడా తెచ్చుకున్నారు.

సభ్యురాలు లేచి ముందు బస్సు గురించి అడిగింది.

"ఆవిడ బస్సు గురించి అడిగినన్నిసార్లు బస్సెక్కి ఉంటే, దానికి నష్టమొచ్చేది కాదు," అన్నాడు మంత్రి. వాళ్ల పార్టీ వాళ్లు బల్లలు చరిచారు.

"ఎక్కుదామనే నిన్న స్టాపులో నిలబడ్డాను. అదే రాలేదు," అందావిడ. ఈసారి రెండు వైపులా నవ్వారు.

తర్వాత వాగు. మంత్రి ఫైలు తిప్పి మా ఆయన రాసింది చదివాడు. ఏడాది పొడుగునా పరీక్షలు జరుగుతున్నాయని చెప్పి కూర్చోబోయాడు.

"ఫిబ్రవరిలో కూడానా?" అంటూ ఆవిడ కళ్లజోడు తీసింది.

ఫైల్లో ఫిబ్రవరి లేదు. మంత్రి పక్కనున్న అధికారుల కుర్చీల దగ్గరకొచ్చి వంగాడు. అక్కడ మా ఆయనా, పై ఆఫీసరూ కూర్చుని ఉన్నారు. ఆఫీసరు నోరు తెరిచాడు. అంతలో మా ఆయన చెయ్యి చొక్కా పై గుండీ మీదకి వెళ్లింది. గుండీ విప్పారు. మాటలు నాకు వినబడలేదు. వినాల్సిన అవసరం కూడా లేకపోయింది.

మంత్రి తిరిగొచ్చి, ఎన్నాళ్లుగానో ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పాడు. "ఫిబ్రవరిలో జరగడం లేదు. దారి మునుగుతుంది. అందుకే ఈ వానల నుంచి నేను పడవ ఏర్పాటు చేయిస్తున్నాను."

"సంతోషం. పడవ వచ్చాక నాకూ ఓసారి చూపించండి," అని ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది.

"ఏవన్నాడు?" అని అడిగారు అత్తగారు.

"పడవ ఇస్తాడట."

"అయితే మనవాడు చెప్పేశాడన్నమాట," అని ఆవిడ శాలువా సర్దుకున్నారు.

సాయంత్రం ఆయన ఇంటికొచ్చి షూ విప్పకుండానే కూర్చున్నారు.

"కావాలనే చెప్పారా?" అన్నాను.

"ఏమో. మంత్రి వంగి 'ఎవరైనా వెళ్తున్నారా?' అన్నాడు. అచ్చం అమ్మ అడిగినట్టే అడిగాడు. ఇంట్లో ఉన్నాననుకున్నాను. దారి సంగతీ పడవ సంగతీ చెప్పేముందు 'లేదండీ' అనేశాను కూడా."

"తెలుగులోనా?"

"తెలుగులోనే. ఆయన తలూపాడు."

ఆ నెలంతా మేం సామాన్లు ఏవి అమ్మాలి, ఏవి ఉంచాలి అని మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈలోగా పడవ సంగతి పేపర్లో వచ్చింది, మంత్రి ఫొటోతో సహా. దాని తర్వాత, పడవ సలహా ఇచ్చిన మనిషిని పంపేయడం ఆఫీసరు వల్ల కాలేదు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. పెట్టి, పడవలో వెళ్లే పని కూడా ఆయనకే అప్పగించాడు.

మా ఆయనకి ఈత రాదు. ఆ వాగులో మొసళ్లున్నాయి.

"అడిగి తెచ్చుకున్నావుగా, ఎక్కు," అన్నారు అత్తగారు.

ఎక్కారు. రెయిన్‌కోటు మీద లైఫ్ జాకెట్ వేసుకుని, సీసాలున్న ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని, పడవకి సరిగ్గా మధ్యలో కూర్చునేవారట. మొదటిసారి తిరిగొచ్చినప్పుడు మొసలి కనబడిందా అని అడిగాను.

"నేను కళ్లు మూసుకున్నాను. అదీ మూసుకునే ఉందనుకుంటున్నా," అన్నారు.

కొన్ని నెలలు నీళ్లు బాగుండేవి కాదు. అప్పుడు పీతలు పట్టొద్దని ఒడ్డున బోర్డు పెట్టించేవారు. పీతలు పట్టేవాళ్లు మంత్రిని వదిలేసి ఈయన్ని తిట్టేవారు. శనివారం మార్కెట్లో సభ్యురాలు ఎదురైతే పడవ ఎలా ఉందని అడిగేది. "కదులుతోందండి," అనేవారు ఈయన, అదే దాని లోపమన్నట్టు.

రిటైరయ్యేదాకా ప్రతి వానాకాలమూ వెళ్లారు. పోయినేడు ఆయన పోయారు. ఓదార్పు ఉత్తరాల్లో ఒకాయన ఆయన్ని సముద్రంతో పోల్చాడు. మంచి ఉద్దేశంతోనే రాశాడు. నాకు మాత్రం ఐసు పెట్టె పట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషి చాలు.

ఈ మధ్య డార్విన్ నుంచి, నేనిప్పుడు ఉంటున్న పాయింట్ కుక్‌లో మా ఇంటికొచ్చిన వాళ్లని వాగు గురించి అడిగాను. ఒడ్డున ఒక మిషను బిగించారట. నీళ్లు తీసుకోవడం, ఫలితం ఆఫీసుకి పంపడం అన్నీ అదే చూసుకుంటుందట. వానాకాలంలో సీసాలు పట్టుకుని పడవలో ఇప్పుడెవరూ వెళ్లడం లేదు.