సలోమి గారు అందించిన మాటలు

కైకలూరులో మా చర్చి పిల్లల్లో సలోమి గారు మాట అందించకుండా పెద్దవాళ్లయినవాళ్లు లేరు. ఆదివారం బడిలో కంఠత వాక్యం చెబుతూ ఎవరైనా నీళ్లు నమిలితే చాలు, ఎదుటి బల్ల మీద ఆవిడ పెదవులు కదిలేవి. మొదటి మాట అందేది, వాడు గట్టెక్కేవాడు. నేనూ అలా గట్టెక్కినవాణ్ణే. పడబోయేవాడికి చెయ్యి అందించడం తప్పని మాకెవరికీ తోచలేదు.

నిరుడు యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన చేసే గాయత్రి గారు మా ఊరు వచ్చింది. కొల్లేటి చుట్టుపక్కల పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి వయసుతో ఎలా మారుతోందో, దాన్ని ఏది కాపాడుతోందో తెలుసుకోవాలని ఆవిడ తపన. చర్చి హాల్లో కొన్ని మాటలు చెప్పి, కాసేపు కబుర్లాడి, మళ్లీ అవే మాటలు అడిగేది. మావాళ్లకి పరీక్ష అంటే పరువు. ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని మరీ వచ్చారు.

సలోమి గారి భర్త ఎజ్రా గారు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన మనిషి. "పడవ, గొడుగు..." అని ఆగిపోయారు. గాయత్రి గారి వెనక బల్ల మీద సలోమి గారి పెదవులు కదిలాయి. మిగతా మాటలన్నీ గబగబా వచ్చేశాయి. ఆయన జ్ఞాపకశక్తి చక్కగా ఉందని గాయత్రి గారు మెచ్చుకుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. సలోమి గారు కొట్టలేదు.

ఏడాదిగా ఇంట్లోనూ ఇదే వరస. కోడలి పేరు, మాత్రలు వేసుకున్నారో లేదో, ఆకివీడు బస్సు ఎక్కడ ఆగుతుందో, అన్నీ ఆవిడే అందిస్తోంది. ఆయన తడుముకునేలోపే మాట చేతిలో పెట్టేస్తుంటే మాకెలా తెలుస్తుంది? ఆయనకే తెలియలేదు. మొగుడు నలుగురిలో నవ్వులపాలు కాకూడదనుకుంది, అంతే. కానీ పరీక్షలో నెగ్గినవాడికి వైద్యం ఎవరు చేస్తారు?

గాయత్రి గారి కారు కదులుతుంటే సలోమి గారు చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

"అమ్మా, ఆయన చెప్పలేదండీ. నేనే అందించాను."

నేనైతే మండిపడేవాణ్ణి. గాయత్రి గారు మాత్రం దిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఏలూరులో ఒక డాక్టరు దగ్గరికి రమ్మంది. అక్కడ ఒంటరిగా కూర్చోబెడితే ఎజ్రా గారికి సగం మాటలు కూడా రాలేదు. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోను ఉండాల్సినదానికన్నా బాగా తక్కువగా ఉందని తేలింది. మతిమరుపు కొంత దానివల్లే కావచ్చని, మందు వాడితే తేరుకునే అవకాశం ఉందని డాక్టరు చెప్పారు.

గాయత్రి గారు సలోమి గారికి ఇంకో మందు చెప్పింది. "ఆయన అడిగేదాకా అందించకండి. వెతుక్కోనివ్వండి."

మాత్ర మింగడం ఎజ్రా గారికి తేలికే. నోరు మెదపకుండా ఉండడమే సలోమి గారికి నరకం. ఆయన కోడలి పేరు కోసం తంటాలు పడుతుంటే, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లి ఏడ్చేది. కొన్నాళ్లకి ఆయన ఒక్కరే ఆకివీడు వెళ్లి చేపలు కొనుక్కొచ్చారు. చింతపండు మరిచిపోయారనుకోండి. అది నేనూ మరిచిపోతాను.

మొన్న చర్చిలో దంపతులు కంఠత వాక్యం చెప్పే ఆదివారం. ఎజ్రా గారు లేచి, మధ్యమధ్య ఆగినా, కీర్తనంతా తనంతట తానే చెప్పి కూర్చున్నారు. తరవాత సలోమి గారు లేచింది. సంతోషంతో మాట పెగల్లేదు. పిల్లలందరూ ఆవిడకేసి చూస్తున్నారు.

మగవాళ్ల వైపు నుంచి ఎజ్రా గారు మొదటి మాట అందించారు. గుట్టుగా అందించడం ఆయనకెక్కడ వచ్చు? చర్చి అంతా వినపడింది. సలోమి గారు అందుకుని, ఏడుస్తూనే చివరిదాకా చెప్పింది.