లక్ష దాటిన సంగతి

మా నాయన దేవుని ముందు ఇచ్చిన మాట తప్పడని ఉదయగిరిలో మా సంఘమంతా నమ్ముతుంది. అందుకే ఒక ఆదివారం ఆరాధనలో ఆయన సాక్ష్యం చెప్పడానికి లేచి, "మా కారు లక్ష కిలోమీటర్లు నిండగానే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతా. ఆ పొద్దే తాళం నా బిడ్డ చేతికిచ్చి, ఇంక స్టీరింగు పట్టుకోను" అన్నప్పుడు అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

అనక ఏం చేస్తాను? ఆయనకు డెబ్బై దాటాయి. బడిలో హెడ్మాస్టరుగా రిటైరైనప్పుడు ముచ్చటపడి కొన్న చిన్న తెల్లకారు అది. దానితో మా ఇంటి గేటునే రెండుసార్లు గుద్ది, గేటుదే తప్పన్నాడు. ఒకసారి బర్రెను రాసుకుంటూ పోయి, దిగి మరీ ఆ బర్రెకు క్లాసు పీకాడు. పక్కన కూర్చున్న అమ్మ దారి పొడుగునా స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉండేది. ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచడమెందుకు. లైసెన్సు తీసుకుని కూడా, పాఠాలు చెప్పే బడికి ఎండలో స్కూటీ మీద పోయి వచ్చేది నేను. నాకు ఆ కారు కావాలి.

ఆ ఆదివారానికి మీటర్లో తొంభై తొమ్మిది వేల చిల్లర ఉంది. ఎంతలో నిండుతుందిలే అనుకున్నాను. కానీ ఆ మర్నాటి నుంచి నాయన కారు బయటికి తీస్తే ఒట్టు. చర్చికి నడక, పెళ్లిళ్లకు బస్సు. నడిస్తే షుగరు తగ్గుతుందట. పొద్దున్నే కారు తళతళలాడేలా తుడిచి, ఓసారి స్టార్టు చేసి, ఆపేసేవాడు. సంఘంలో వాళ్లు మాత్రం కూడిక నాటి కోడికూర మీద ఆశతో, "ఎంతకొచ్చినాది సార్?" అని ప్రతి ఆదివారం అడిగేవారు. "వస్తా ఉండాది, వస్తా ఉండాది" అనేవాడు.

అలాంటి మనిషికి ఎండాకాలంలో ఉన్నట్టుండి చుట్టాల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. జలదంకిలో పెళ్లికి కారు తీశాడు. ఆ తర్వాత కొండాపురంలో పొట్టేలు బేరమన్నాడు, చేజర్లలో ప్రార్థన కూడికన్నాడు. ఆత్మకూరుకైతే వారానికి రెండుసార్లు, మా ఊళ్లో వంకాయలు దొరకనట్టు. మీటర్ మాటెత్తితే మళ్లీ కారు లోపల పెట్టేస్తాడని నేను అటు తొంగి కూడా చూడలేదు. తిరగనీ, తిరిగినకొద్దీ నాకే మంచిదనుకున్నాను.

ఇలా మూడు నెలలు గడిచాక ఓ సెలవురోజు నేను కూడా వాళ్లతో ఆత్మకూరు బయలుదేరాను. ముందు సీట్లో నేను, వెనక అమ్మ. ఊరు ఇంకాస్త దూరముందనగా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. ముల్లు చూసుకోవద్దా అని చిరాగ్గా మీటర్ వైపు వంగాను. ముళ్లన్నీ సున్నా మీద పడుకుని ఉన్నాయి. కిలోమీటర్ల అంకెలు మాత్రం తొంభై తొమ్మిది వేల ఆరువందల దగ్గర బిగుసుకుపోయాయి.

"ఏంది నాయనా, మీటర్ పనిచెయ్యడంలేదా?"

"కొంచెం అలిగినాదమ్మా."

"ఎప్పట్నించి?"

నాయన కిటికీలోంచి మేస్తున్న గొర్రెల్ని చూశాడు. వెనక నుంచి అమ్మ, "జలదంకి పెండ్లికి ముందు నించి" అంది.

"నీకు తెలిసి కూడా చెప్పలేదా అమ్మా?"

"మీ గొడవ నాకెందుకు? ఆయన నన్ను అన్ని ఊళ్లూ తిప్పతా ఉండాడు, తిరగతా ఉండాను."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగిందంటే సరే, ఇక్కడ పిల్లులు రెండు. నాకు మండిపోయింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది గానీ, బయటికి మాత్రం రానివ్వలేదు.

బైకు మీద పోయే ఒకాయన సీసాలో పెట్రోలు తెచ్చిపెట్టాడు. కారును నేరుగా ఆత్మకూరులో మాకు ఎప్పుడూ పనిచేసే మెకానిక్ దగ్గరికి పోనిమ్మన్నాను. అతను మీటర్ బోర్డు ఊడదీసి, లోపల పళ్లచక్రం అరిగిపోయిందని, వెనక వైరింగు కూడా కాలిపోయిందని చూపించాడు.

"ఈ మోడలుకి కొత్తది యాడొస్తాది మేడం? తుక్కుకొచ్చిన కారుది ఒకటుండాది, అదేస్తా" అని షెడ్డు వెనక నుంచి ఒకటి తెచ్చి గుడ్డతో తుడిచాడు. దాని మీద నలభై ఒక్క వేలుంది.

నాయన మొహం వెలిగిపోయింది. "నలభై ఒకటే! ఇంకా యాభై తొమ్మిది వేలు తిరగొచ్చు. అట్నే బిగించబ్బా."

"అవి ఎవరో తిరిగిన కిలోమీటర్లు నాయనా."

మెకానిక్‌కు మా ఇంటి రాజకీయం తెలియదు. "ఎనకాల ఈ అంకెల చక్రాలు తిప్పితే ఎంత కావాలంటే అంతొస్తాది సార్. ఎంత పెట్టమంటారు?" అన్నాడు.

నేను నాయన వైపు తిరిగాను. సంఘం ముందు మాట ఇచ్చింది ఆయన, చెప్పాల్సిందీ ఆయనే. నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఏదో మెలిక పెడతాడని నేను పోట్లాటకు సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం వేళ్లు మడుస్తూ గొణగడం మొదలుపెట్టాడు. జలదంకి, కొండాపురం, ఆత్మకూరు ఇన్నిసార్లు.

"చేజర్ల రెండుసార్లు" అన్నాడు.

"మూడు" అంది అమ్మ. "గొడుగు మరిచిపోయొచ్చి మళ్లీ పోలా?"

నాయన ఆమెను ఓసారి కొరకొరా చూశాడు. తర్వాత మెకానిక్ వైపు తిరిగి, "లక్షా మూడు వేలు పెట్టబ్బా" అన్నాడు.

"బండి అమ్మేటప్పుడు రేటు పడిపోతాది సార్. అందరూ తగ్గించమంటారే."

"తిరిగింది తిరిగినట్టు పెట్టు."

మీటర్ బిగించాక ముళ్లు లేచాయి. నాయన అలవాటుగా డ్రైవరు సీట్లో కూర్చుని, ఒక్క క్షణమాగి దిగాడు. తాళం నా అరచేతిలో పెట్టి అటువైపు పోయి కూర్చున్నాడు. అటు కూర్చుని ఎరుగడు కదా, బెల్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటుంటే నేనే పెట్టాను. తిరిగి వచ్చేటప్పుడు దారంతా లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు. దూరంగా పొలంలో మేస్తున్న బర్రెను చూసి కూడా "బర్రె, బర్రె" అని అరిచాడు. మా అమ్మ మాత్రం ఆ రోజు ఒక్క స్తోత్రం కూడా చెప్పకుండా హాయిగా నిద్రపోయింది.

కృతజ్ఞత కూడిక ఘనంగా జరిగింది. నాయన లేచి, మూడు నెలలూ మీటర్ ఆగింది దాచి, లక్ష దాటినాక కూడా దొంగగా నడిపినానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. "ఆ మూడు నెలల్లో నేనూ మా ఇంటామె తిరిగినంత, పెండ్లయిందగ్గర్నించి తిరగలా. దానికి కూడా దేవునికి స్తోత్రం" అన్నాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. జనం నవ్వీ నవ్వీ, ఆమెన్ చెప్పి, కోడికూర మీద పడ్డారు.

ఆ మరుసటి శనివారం పొద్దున నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను కాఫీ ఇస్తే తీసుకుని, కారు వైపు చూస్తూ అన్నాడు: "చేజర్లకు పోయొద్దామని ఉండాది. నీకు తీరికుంటేనే అమ్మా."

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన ఎక్కడికి పోవాలన్నా ఇంకొకరి తీరిక అడగగా నేను వినలేదు. ఇన్నాళ్లు తహతహలాడి సంపాదించిన తాళం చేతిలోకి తీసుకున్నాను. దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట బల్ల మీదే ఉంది.

"ఖాళీనే నాయనా. ఎక్కండి" అన్నాను.